ఫాల్టు రిజిస్టరు

అచ్చంపేట ఎక్స్ఛేంజి మూసేసిన నాడు
ఇనుప రాకులు తూకానికి పోయినయి,
రాగి తీగది వేరే లెక్క.
బల్ల సొరుగుల మిగిలింది ఈ పుస్తకం.
అట్ట మీద చాయ్ మరక,
లోపల భావయ్య సారు చేతిరాత.

ఇంజనీరన్నవాడు ఇంగ్లీషుల రాయాలని రూలు.
ఆయన తెలుగుల రాసేటోడు, అంకెలు మాత్రం ఉర్దూవి.
"ఓమ్ సూత్రం నేను ఉర్దూల చదువుకున్న,
కరెంటుకు ఏ జబానైనా ఒకటే" అనేటోడు.

జూన్ పన్నెండు: రిలేలో చీమలు. బెల్లం తిన్న చేతితో ముట్టింది ఎవరు?
ఆగస్టు నాలుగు: ఉప్పునుంతల దగ్గర స్తంభానికి తేనెతుట్టె. చీకటి పడేదాక ఆగినము.
అదే నెల: మన్ననూరు అడవిలో స్తంభం ఒరిగింది. ఎలుగుబంటి వీపు గోక్కున్నది.
జనవరి పంతొమ్మిది: తీగ లేదు.

అంతే. తీగ లేదు.
రెండు మైళ్ళ రాగి ఎవరో రాత్రికి రాత్రి చుట్టుకపోతే
ఆయన రాసింది ఆ రెండు మాటలే.

నారాయణపేటల మగ్గం ఇంట్ల పుట్టినోడు.
కండెలు చుట్టిన వేళ్ళతోనే
హైదరాబాదు వర్క్‌షాపుల రేడియో కాయిళ్ళు చుట్టిండట,
పోగు మీద పోగెక్కకుండ,
లెక్క తప్పితే మళ్ళ మొదటికి వచ్చి.
ఆ తర్వాత ఎడ్లబండిల బ్యాటరీలేసుకొని
ఊరూర పంచాయతి రేడియోలు పెట్టిండు.
కల్వకుర్తి దిక్కు ఒక ముసలామె
పెట్టె వెనక్కి పోయి తొంగిచూసి
"గింత వేడిల ఎట్ల కూసున్నరు నాయనా" అని
వాల్వులకు విసనకర్రతోని విసిరిందట.
మేం నవ్వితే ఆయన నవ్వకపోయేటోడు.
"ఆమె చెప్పింది నిజమే. వాటికి గాలి కావాలె."

డెబ్బయిలల్ల గుట్టల మీదికి మైక్రోవేవ్ టవర్లొచ్చినయి.
ఒకదాన్నొకటి చూసుకోవాలె,
నడుమ తాటిచెట్టు గూడ అడ్డం రావద్దు.
మూడు రోజులు పైన్నే ఉండి, ఎండిన జొన్నరొట్టె నములుకుంట
ఆ పెద్ద గిన్నెను వెంట్రుకవాసి తిప్పి
ఫోనుల అడిగేటోడు: ఇనవడుతుందా?
హలో అనంగ నేనెన్నడు ఇనలేదు.
ఎప్పుడైన అదే. ఇనవడుతుందా?

ఒక పేజీ కాడ నా వేలు ఆగుతది.
డెబ్బయెనిమిది. కార్తీకంల వాన.
సోనీబాయి తండా నుంచి నడిచొచ్చింది,
కొంగున మూడు నిమిషాల పైసలు.
పెనిమిటి రాయచూరు అవతల డ్యాం పని మీద.
ఆ పొద్దుకు ఆఫీసు ఫోను దగ్గర ఉండుమని
ముందే కార్డు రాయించింది.
కలిపిన.
మూడు నిమిషాలకు ప్లగ్గు పీకాలె.
ఆమె భాష నాకు రాదు,
మేకల పేర్లు మాత్రం తెలుస్తున్నయి.
ఒక్కొక్క మేక, దాని ఈత, దాని జబ్బు.
పీకలేదు.
ఊరికి ఉన్నది ఒక్కటే ట్రంకు లైను.
తాసిల్దారు ఆఫీసు దీపం కొట్టుకుంటనే ఉంది.
"లైన్ ఖరాబుంది సార్" అన్న.

తెల్లారి సారు తడిసిన జీపుల దిగిండు.
బోర్డు చూసిండు, ఫ్యూజులు చూసిండు,
యాభై దాటిన మోకాళ్ళతోని స్తంభమెక్కిండు.
రాయచూరుకు చేసి వాళ్ళ చిట్టీ చదివించుకున్నడు:
నలభై మూడు నిమిషాలు.
నా చిట్టీల మూడు.
రెండు అంకెలు పక్కపక్కన రాసుకొని
కొంచెంసేపు పెన్సిలు చెక్కిండు.
నాకు కాళ్ళల్ల వణుకు.

"అనసూయమ్మా, మాట్లాడినోళ్ళకు
గొంతు సాఫుగ వచ్చిందా?"

వచ్చింది సార్.

పాత సామాన్ల పిలగాడు పుస్తకాన్ని గూడ త్రాసులేసిండు.
తీసుకున్న.
ఆ పేజీల ఇట్ల ఉన్నది:

లోపం: నలభై నిమిషాలు లైను దొరకలేదు.
కారణం: తెలియదు.
మరమ్మతు: అవసరం పడలేదు.